రంగుకు రంగు

పోయిన ఏడాది ఉగాదికి రెండు రోజుల ముందు, ఎల్‌బీ నగర్ మెట్రో కింద ఆకుపచ్చ కంపెనీ ఛార్జింగ్ స్తంభాల్లో దీపాలు వెలగలేదు. కరెంటు పోయిందేమో అనుకున్నాను. పక్క టీ కొట్టులో ఫ్యాను తిరుగుతూనే ఉంది. కంపెనీకి ఫోన్ చేస్తే కాసేపు పాట వినిపించింది. మర్నాడు ఆ పాట కూడా లేదు. మూడో రోజుకు తెలిసింది, కంపెనీ మూతపడిందని.

నా ఆటోలో అప్పటికి పదకొండు శాతం ఛార్జింగ్ ఉంది.

ఆ బండికి ఇంట్లో పెట్టుకునే ఛార్జర్ లేదు. "పావుగంటలో నింపి పంపిస్తాం మేడమ్, ఇంట్లో పెట్టుకునే బాధ మీకెందుకు" అని షోరూమ్‌లో చెబితే తలూపి తెచ్చుకున్నాను. దాని ఛార్జింగ్ మూతికి ఆకుపచ్చ కంపెనీ ఛార్జింగ్ గన్ను తప్ప ఇంకోటి పట్టదు. ఆ సంగతి కూడా వాళ్లు గొప్పగానే చెప్పారు, నేనూ నలుగురి దగ్గర గొప్పగానే చెప్పుకుని తిరిగాను. నా నోరు అలాంటిది. చెప్పాల్సింది చెప్పదు, చెప్పకూడనిది ఆగకుండా చెబుతుంది. ఆ ఎండాకాలం జరిగిందంతా దాని వల్లే.

ఎల్‌బీ నగర్ నుంచి హయత్‌నగర్ మీదుగా బాటసింగారం పండ్ల మార్కెట్ దాకా నడిచే ఆటోలకు మెట్రో దగ్గర ఒక అడ్డా ఉంది. ఇరవై నాలుగు బండ్లు, ఇరవై నాలుగు నంబర్లు. నంబరు ఉన్నవాళ్లే వరుసలో నిలబడి మనుషులను ఎక్కించుకోవాలి. దాని కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసేవాళ్లు ఉంటారు. రూలు ఒక్కటే. వరుసగా పది రోజులు ఒక్క ట్రిప్పు కూడా వేయకపోతే పదకొండో రోజు పొద్దున నంబరు తర్వాతివాళ్లకు పోతుంది. కిరాయి బండి తెచ్చి నడిపినా చెల్లదు, పేరున్న బండే కదలాలి. ఇంట్లో చావైనా, పెళ్లైనా అంతే.

పదిహేడో నంబరు మా ఆయన హరిప్రసాద్‌ది. ఆయన పోయిన తొమ్మిదో రోజు, ఇంట్లో ఇంకా దినాలు కూడా కాకముందే, నేను హ్యాండిల్ పట్టుకుని వచ్చి వరుసలో నిలబడ్డాను. అందుకే నంబరు మాకు మిగిలింది. తర్వాత బండి మార్చాను గానీ బోర్డు మీద పేరు మార్చనివ్వలేదు. టీ కొట్టు గోడకు వేలాడే ఆ రేకు బోర్డు మీద పదిహేడు పక్కన హరిప్రసాద్ అనే ఉండేది.

మా మామ నర్సింహులు కొత్తపేటలో మా ఇంటి నుంచి రెండు రోజులకోసారి నడుచుకుంటూ అడ్డాకు వచ్చేవాడు. బోర్డు కింద నిలబడి చాయ్ తాగి పోయేవాడు. ఆయనకు చదువు రాదు. కానీ పై నుంచి పదిహేడో వరుస ఏదో తెలుసు. మామ అంటే మా అమ్మకు సొంత అన్న కూడా, అందుకే నాకు చిన్నప్పటి నుంచీ నువ్వు అనే చనువు. ఆయన కొడుకును చేసుకున్నాక కూడా ఆ పిలుపు మారలేదు. హరి పోయాక ఆ ఇంట్లో మిగిలింది మేమిద్దరమే.

"పది దినాలున్నయ్ అరుణా," అన్నాడు అడ్డా పెద్ద దశరథ, స్తంభాలు ఆరిపోయిన రోజే. "జర జల్ది సూసుకో. నా చేతిల ఏం లేదు. నా సొంత తమ్ముని నంబరే తీసేసిన పోయినేడు. వాని పెండ్లాం ఇప్పటికీ నాతోని మాట్లాడది."

"నేను కూడా మాట్లాడ," అన్నాను.

"నువ్వు మాట్లాడకపోతే మాకు జర సుఖముంటది," అన్నాడు. నవ్వాడు గానీ కళ్లు బోర్డు మీదే ఉన్నాయి.

*

చైతన్యపురిలో ఆడపిల్లల హాస్టళ్ల వెనక నీలం కంపెనీ వాళ్ల ఛార్జింగ్ పాయింట్ ఉంది. మిగిలిన ఛార్జింగ్‌తో అక్కడికి పోయాను. దాని గన్ను చూస్తే మా బండి మూతి కంటే కొంచెం వెడల్పు, అంతే. తిప్పి చూశాను, వంచి చూశాను, చివరికి అరచేత్తో గుద్దాను.

"ఏవండీ! అలా గుద్దితే గన్ను పోద్ది. దాంతోపాటు నా ఉద్యోగం కూడా పోద్ది," అంటూ లోపలి నుంచి ఒకావిడ పరుగెత్తుకొచ్చింది. పేరు విజయదుర్గ. ఆ పాయింట్ చూసుకునేది ఆవిడే. "ఇది వేరే కంపెనీ బండండీ. మీ మూతి వేరు, మా గన్ను వేరు."

నాకు ఏడుపు వచ్చింది. రోడ్డు మీద ఏడవడం నాకు చచ్చినా ఇష్టముండదు, అందుకని ఆవిడతో పోట్లాట పెట్టుకున్నాను. కరెంటు ఒకటే అయినప్పుడు మూతులు వేరుగా ఎందుకు పెట్టారని అడిగాను. ఆవిడ అంతా విని, ఒక గ్లాసు నీళ్లు చేతికిచ్చి, దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో వెనక సందులో చంటి గారని ఉన్నారు, పోయి కలవమంది. "మా భీమవరం వైపాయనే. అడాప్టర్లు చేస్తారు. మిషను ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదండీ, మిషను ఒప్పుకోవాలంతే."

చంటికి యాభై దాటి ఉంటాయి. ఇన్వర్టర్లు బాగుచేసే చిన్న కొట్టు, కూర్చోవడానికి పాత బ్యాటరీ తప్ప ఇంకేం లేదు. ఎక్కడో మూలపడిన ఆకుపచ్చ స్తంభం గన్ను ఒకటి సంపాదించి, నీలం కంపెనీ మూతి ఇంకోటి తెచ్చి, రెంటినీ ఒక నల్లడబ్బాలో కలపడానికి ఆరు రోజులు పట్టింది. ఆ ఆరు రోజులూ నేను పొద్దున, సాయంత్రం పోయి ఆ పాత బ్యాటరీ మీద కూర్చున్నాను. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఆయన డబ్బా మూత తెరిచి చూపించాడు.

"ఇదిగోండమ్మా, ఈ లావు తీగలు రెండూ కరెంటు మోసేవి. ఈ సన్నవి అయిదూ మాట్లాడుకునేవి. మీ బండి నాకింత కావాలని అడుగుద్ది, స్తంభం అంతే ఇస్తాది. ఇక్కడో తిరకాసు ఉంది. మీ కంపెనీ వాడి ఎరుపూ, ఈ కంపెనీ వాడి ఎరుపూ ఒకటి కాదు. ఎవడి ఇష్టం వాడిది. ఎప్పుడైనా ఊడిందనుకోండి, రంగు చూసి కలిపారో, బండి అయిపోద్ది. ఇది చూసి పెట్టించండి."

ఒక కాగితం ఇచ్చాడు. పైన ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. కింద స్కెచ్ పెన్నులతో గీతలు. సరే సరే అని నాలుగు మడతలు పెట్టి, సీటు కింద పెట్టెలో పడేశాను. ఎనిమిదో రోజు కదా, నాకు కాగితాలు చదివే ఓపిక లేదు. మర్నాడు పొద్దున నీలం స్తంభం ముందు ఆ డబ్బా తగిలించి, గన్ను పెట్టి, కళ్లు మూసుకున్నాను. టిక్కుమని చప్పుడైంది. కళ్లు తెరిచేసరికి తెర మీద అంకె తిరుగుతోంది. విజయదుర్గ చప్పట్లు కొట్టింది. ఆ రోజు తొమ్మిది గంటలకల్లా నేను వరుసలో ఉన్నాను.

*

ఏప్రిల్ అంతా బాగుంది. మామిడి కాయల కాలం. బాటసింగారం పోయేవాళ్లతో బండి నిండిపోయేది, వచ్చేటప్పుడు బుట్టల మధ్య మనుషులను వెతుక్కోవాలి. నీలం స్తంభం దగ్గర పావుగంట కాదు, గంట పట్టేది. అడాప్టర్ బరువుకు కిందికి వేలాడి గన్ను ఊడిపోతోందని మామ నాతోపాటు రావడం మొదలుపెట్టాడు. గంటసేపు ముక్కాలిపీట మీద కూర్చుని డబ్బాను రెండు చేతులతో ఎత్తి పట్టుకునేవాడు.

హరి పోయాక ఆయన ఒక పని కావాలని కోరుకోవడం నేను చూడలేదు. పోచంపల్లిలో ఆయన అచ్చు అతికేవాడు. మగ్గం మీద పాత పోగులు అయిపోవచ్చినప్పుడు కొత్త పోగులను ఒక్కొక్కటిగా వాటి కొసలకు మెలిపెట్టి అతకాలి. వేల పోగులు. ఎరుపుకు ఎరుపు, నలుపుకు నలుపు. ఒక్కటి తప్పినా చీర పొడుగునా తప్పు కనిపిస్తుంది. మగ్గాలు పోయాయి, ఆయన మా దగ్గరికి వచ్చాడు. ఆ చేతులు మా ఇంట్లో చిక్కుడుకాయల ఈనెలు తీయడానికి తప్ప దేనికీ పనికి రాలేదు.

ఒకరోజు డబ్బా మూత తీసి లోపలికి చూశాడు.

"గీ చంటి సారు మంచోడే గని, గిది అతుకు గాదే బిడ్డా. మెలికేసి టేపు సుట్టిండు. గుంజితే ఊడొస్తది."

"గుంజకు మరి," అన్నాను.

"నేను అతికిన పోగు, మనిషి యాలాడినా ఊడది."

"అబ్బో! మామా, నీ పోగుకు నిన్నే యాలాడదీసి సూద్దామా?"

విజయదుర్గ నవ్వింది. ఆవిడకు మామ అంటే ఇష్టం, రోజూ మజ్జిగ తెచ్చేది. "చదువుకోకుండానే అంత లెక్క ఎలా గుర్తుండేదండీ మీకు?" అని అడిగింది.

"సదువెందుకమ్మా? గళ్ల కాగితం ఉంటది. అందుల రంగులుంటయ్. సేటు కాగితమిస్తే సీరంత దింపేటోళ్లం," అన్నాడు మామ. అలా అన్నప్పుడు ఆయన వీపు కొంచెం నిటారుగా అయింది. నాకు అది బాగా గుర్తుంది, గుర్తుండకపోతే బాగుండేది.

*

మే నెల మొదటివారంలో ఒక కారు వెనక్కి వస్తూ అడాప్టర్ మీదకు ఎక్కింది. కారాయన దిగి, అయ్యో అని, వెళ్లిపోయాడు. డబ్బా పగిలింది. లావు తీగలకు బోల్టులున్నాయి, వాటికేం కాలేదు. సన్నవి అయిదూ మామ చెప్పినట్టే మెలిక దగ్గర ఊడి వచ్చాయి. అటు అయిదు కొసలు, ఇటు అయిదు కొసలు.

చంటి కొట్టుకు తాళం. మేనకోడలి పెళ్లని భీమవరం పోయాడట, ఇరవయ్యో తేదీ దాకా రాడట. ఫోన్ మోగుతుంది, ఎత్తడు. ఎల్‌బీ నగర్‌లో ఇద్దరు మెకానిక్కులకు చూపిస్తే డబ్బాను తాకను కూడా తాకలేదు. "గిసొంటియి మేం ముట్టమమ్మా, ఏమన్న అయితే మా మీదికొస్తది," అన్నారు. ఒకడైతే ఫొటో తీసుకుని నవ్వాడు.

రెండో రోజే మామ చేయి చాపాడు. "ఇటియ్యే, నేను సూస్త. అయిదు పోగులే గద."

"ఇవి పోగులు గాదు మామా, కరెంటు. నువ్వు ముట్టకు."

ఆయన చేయి వెనక్కి తీసుకున్నాడు. నేను మూడో రోజు తిరిగాను, నాలుగో రోజు తిరిగాను. కోఠీలో, ఉప్పల్‌లో, ఎవరు ఎక్కడ చెబితే అక్కడ తిరిగాను. ఎండకు చెప్పులు రోడ్డుకు అంటుకునేవి. ఆరో రోజు దశరథ ఫోన్ చేసి "ఆరు" అని పెట్టేశాడు. ఏడో రోజు రాత్రి అన్నం తినలేక కంచం తోసేస్తే మామ కూడా తినకుండా లేచాడు. నాకు భయం వేసింది. హరి పోయినప్పుడు కూడా ఇంత భయం వేయలేదు, అప్పుడు చేయడానికి ఏదో ఒక పని ఉండేది. ఇప్పుడు నంబరు పోతే హరి రెండోసారి పోతాడనిపించింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. మామ మాత్రం ఆ వారంలో రోజూ అడ్డాకు పోయి వచ్చాడు.

తొమ్మిదో రోజు మూడు గంటలకు డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"అతుకు మామా," అన్నాను.

ఆయన లేచి చేతులు కడుక్కున్నాడు. దేవుడి గూట్లోంచి చిటికెడు విభూతి తీసుకుని వేళ్లకు రాసుకున్నాడు. అచ్చు అతికేటప్పుడు పోగు జారకుండా బూడిద రాసుకుంటారు, ఆ అలవాటు. వాకిట్లో ఎండ పడేచోట కూర్చుని, అటు కొసలు, ఇటు కొసలు వరుసగా పరుచుకున్నాడు. రెండు వైపులా అవే రంగులు. ఎరుపు, నలుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ.

చంటి ఇచ్చిన కాగితం ఒకసారి నా మనసులో మెదిలింది. బండి గుమ్మం ముందే ఉంది. అప్పటికే మామ రెండో తీగ మెలిపెడుతున్నాడు. ఎరుపుకు ఎరుపు అయిపోయింది, నలుపుకు నలుపు పడుతోంది. వేళ్లు ఎంత వేగంగా తిరుగుతున్నాయంటే, అయిదో తీగ అయ్యేదాకా నేను వాటినే చూస్తూ కూర్చున్నాను. తర్వాత ఆయన డబ్బాను ఒక కొసన పట్టుకుని గాల్లోకి ఎత్తాడు. అది సన్న తీగల మీద వేలాడింది, ఊడలేదు.

"సూసినవా?" అన్నాడు. హరి పోయాక ఆయన నవ్వగా చూడడం అదే మొదటిసారి.

*

పదో రోజు పొద్దున ఆరున్నరకే చైతన్యపురి పాయింట్ దగ్గర ఉన్నాం. బండిలో నాలుగు శాతం ఉంది, అక్కడిదాకా రావడానికి సరిపోయింది. మామ ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఆ రోజు నా మొదటి ట్రిప్పులో బాటసింగారం దాకా వస్తానన్నాడు.

గన్ను పెట్టాను. టిక్కు వినిపించలేదు. సన్నగా ఏదో కీచుమంది, సీటు కింద నుంచి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది. విజయదుర్గ పరుగెత్తి ఎర్ర మీట నొక్కింది. బండి తెర ఒకసారి తెల్లగా వెలిగి ఆరిపోయింది. తాళం తిప్పాను. తీసి, పెట్టి, మళ్లీ తిప్పాను. హారన్ కూడా మోగలేదు.

నేను మామ వైపు తిరిగాను. అప్పుడు నేనేమన్నానో ఇక్కడ రాయకపోతే ఈ కథ రాసి లాభం లేదు.

"ముట్టకు అన్ననా లేదా? నీ కొడుకు పేరు నీ చేతులతోనే తుడిపేసినవ్!"

విజయదుర్గ "అమ్మా!" అంది. మామ తన వేళ్ల వైపు చూసుకున్నాడు. గోళ్ల సందుల్లో ఇంకా కొంచెం విభూతి ఉంది.

"రంగు తప్పలే బిడ్డా," అన్నాడు. "ఒక్కటి గుడ తప్పలే."

కాసేపటికి ఆయనే లేచి బండి వెనక్కి పోయి చేతులు ఆనించాడు. "అడ్డాకు పోదాం పా," అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. హ్యాండిల్ పట్టుకుని నేను ముందు, తోస్తూ ఆయన వెనక. కొత్తపేట చౌరస్తా దాటేసరికి ఆయన చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. మధ్యలో ఒకచోట ఆగి సీటు కింద పెట్టె తెరిచి నీళ్ల సీసా కోసం వెతుక్కున్నాడు. నేను రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డాను, వెనక్కి తిరగలేదు. చాలాసేపు వెతికాడనిపించింది.

అడ్డాకు చేరేసరికి పదకొండు దాటింది. వరుసలో అందరూ దిగి వచ్చారు. నంబరు కోసం మూడేళ్లుగా ఎదురుచూస్తున్న రవితేజ కూడా అక్కడే ఉన్నాడు. పోతే ఆ నంబరు అతనికే రావాలి.

"అన్నా, తాడు గడ్దాం," అన్నాడు రవితేజే ముందుగా. "నా బండితోని లాగుత. ఒక్క ట్రిప్పే గద. అక్క బండ్ల ఇద్దరిని కూసోవెడదాం."

దశరథ మామకు కుర్చీ తెప్పించి, నీళ్లిప్పించాడు. తర్వాత బండి చుట్టూ ఒకసారి తిరిగి, తాళం అడిగి, తిప్పి చూశాడు.

"ఇయ్యాల తాడు గడ్తరు," అన్నాడు. "రేపు? ఎల్లుండి?"

తాళం తిరిగి నా చేతిలో పెట్టాడు.

పదకొండో రోజు పొద్దున నేను పోలేదు. మామ పోయాడు. దశరథ కిరసనాయిలు గుడ్డతో పేరు తుడుస్తుంటే, ఇంటికి పొమ్మన్నా పోకుండా బోర్డు కింద నిలబడ్డాడట. రవితేజ పేరు రాయడం అయ్యేదాకా ఉండి, చాయ్ తాగకుండా వచ్చాడు. ఈ సంగతి తర్వాత రవితేజే చెప్పాడు. మంచోడే, అతన్ని తిట్టుకోవడానికి కూడా నాకేం దొరకలేదు.

*

ఆ తర్వాత చంటి వచ్చేదాకా పది రోజులూ మామ దేన్నీ ముట్టుకోలేదు. చొక్కా గుండీ ఊడితే అలాగే వేసుకున్నాడు. చిక్కుడుకాయల గిన్నె ముందు పెడితే చూసి పక్కకు జరిగాడు. నేను అన్న మాట వెనక్కి తీసుకోవాలని రోజూ అనుకునేదాన్ని. రేపు అందాం అనుకుని పడుకునేదాన్ని.

చంటి వచ్చాక బండిని ఒక ట్రాలీలో ఎక్కించి కొట్టుకు తీసుకుపోయాం. ఆయన బ్యాటరీ విప్పి చూసి పెదవి విరిచాడు. లోపల కూర్చుని లెక్క చూసే చిన్న బోర్డు మాడిపోయింది. కొత్తది కావాలంటే కంపెనీ లేదు. తర్వాత అడాప్టర్ తెరిచాడు. కళ్లద్దాలు పైకి నెట్టి, అతుకులను దగ్గరగా చూశాడు, ఒకదాన్ని పటకారుతో లాగి చూశాడు.

"ఎవరండీ ఇది చేసింది? ముప్పై ఏళ్ల నుంచి చేస్తన్నా, ఇలాంటి అతుకు చూళ్లేదు నేను." అప్పుడు రంగులు చూశాడు. చేయి ఆగిపోయింది. "అయ్యో. అయ్యయ్యో. రంగుకు రంగు కలిపేశారే! మీకు చెప్పాను కదమ్మా నేను? కాగితం కూడా ఇచ్చాను కదా? ఈయనకి చెప్పలేదా మీరు?"

నేను డబ్బా మూత చేతిలోకి తీసుకున్నాను.

"చెప్పింది సారు," అన్నాడు మామ. పాత బ్యాటరీ మీద కూర్చుని నేలకేసి చూస్తున్నాడు. "మంచిగనే చెప్పింది. నాకే మతికి లేకపాయె. ముసలోన్ని గద."

నేను చెప్పలేదు. చెప్పలేదని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. చంటి నా వైపు చూసి జాలిగా తలూపాడు. ఆ జాలి నేను తీసుకున్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది, అనలేదు.

"పోనీ పెద్దాయనా," అన్నాడు చంటి. "బండి పోతే పోయింది. మీరు రోజూ నా కొట్టుకు రండి. ఇలాంటి చెయ్యి నాకు దొరకదు. ఏ రంగు దేనికో నేను చెబుతుంటా, మీరు అతుకుదురు గానీ."

"వద్దు సారు," అన్నాడు మామ. "ఎరుపుకు ఎరుపు గాదంటే నా చేతులు ఇనయ్."

*

జూన్ మొదటి వాన పడిన మర్నాడు మామ పోచంపల్లి బయల్దేరాడు. అచ్చు అతికేవాళ్లు ఇప్పుడు దొరకడం లేదట. ఎవరో పాత సేటు కబురు పంపాడు. సోమవారం పోయి శనివారం వస్తానన్నాడు. అరవై ఏడేళ్ల మనిషిని అలా పంపడం నాకిష్టం లేదు. కానీ ఆపడానికి నాకు మొహం లేదు. నేను అప్పటికే హయత్‌నగర్‌లో ఎవరిదో ఆటో సగంపూట కిరాయికి నడుపుతున్నాను, ఏ అడ్డాలోనూ నంబరు లేకుండా.

ఎల్‌బీ నగర్‌లో బస్సు కోసం నిలబడ్డాం. అక్కడి నుంచి టీ కొట్టు కనిపిస్తుంది. మామ అటు తిరగలేదు. సంచి కింద పెట్టి, చొక్కా జేబులోంచి ఒక కాగితం తీశాడు. నాలుగు మడతలది.

"బండి తోసిన నాడు దొరికిందే," అన్నాడు. "నీళ్లసీసా కోసం సూస్తుంటే."

అంటే అడ్డాకు చేరేసరికే ఆయనకు తెలుసు. దశరథ ముందు నిలబడ్డప్పుడు తెలుసు, పేరు తుడుస్తున్నప్పుడు తెలుసు, చంటి అడిగినప్పుడు తెలుసు. ఇంట్లో పది రోజులు నా ముందు కూర్చుని అన్నం తింటున్నప్పుడు కూడా తెలుసు.

"మామా..." అన్నాను.

"ఒక్కటి అడుగుత. నాకు సదువు రాదనేనా బిడ్డా, నాకియ్యకపోతివి?"

మర్చిపోయానని చెప్పొచ్చు. ఆ వారం నేనున్న స్థితికి ఎవరైనా నమ్ముతారు. నేను కూడా చాలాసార్లు నన్ను అలాగే నమ్మించుకోబోయాను. కానీ ఆ రోజు వాకిట్లో కాగితం గుర్తొచ్చినప్పుడు నేను అనుకున్నది వేరు. పైన ఇంగ్లీషు ఉంది, ఈయనకేం తెలుస్తుంది, వివరిస్తూ కూర్చుంటే పొద్దుపోతుంది అనుకున్నాను. ఆపైన ఆ వేళ్లు తిరగడం చూస్తూ కూర్చున్నాను.

"అవును మామా," అన్నాను. "చంటి సారు నాకు చెప్పిండు. నేను నీకు చెప్పలే. నీకేం తెలుస్తదని చెప్పలే."

ఏడుస్తున్నానని అప్పుడు తెలిసింది. రోడ్డు మీదే, బస్సు కోసం నిలబడ్డ అందరి ముందూ. మామ కోప్పడలేదు. కాగితం మడతలు విప్పి, గీతల మీద వేలు పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకు పోనిచ్చాడు. గళ్ల కాగితం మీద అలాగే పోనిచ్చేవాడు కాబోలు.

"ఇందుల సదివేదేమున్నదే?" అన్నాడు. "అన్ని రంగులే గద."

బస్సు వచ్చింది. ఆయన ఎక్కాడు. సంచి అందించి, శనివారం వస్తావు కదా అని కిటికీ దగ్గర అడిగాను. తలూపాడు. బస్సు కదిలాక చూసుకుంటే కాగితం నా చేతిలో ఉంది. ఒక వైపు ఎర్ర గీత మొదలై అవతల పసుపు దగ్గర ఆగింది. పసుపుది నీలం దగ్గర, నీలానిది నలుపు దగ్గర. పైన ఇంగ్లీషులో ఉన్నది కూడబలుక్కుని చదివాను. చంటి పేరు, ఆయన ఫోన్ నంబరు.